పందుల కోసం కట్టిన కరెంటు తీగకు మనిషి పోయాడు. ఇది హత్య కిందికి వస్తుందా?

మక్కచేను అడిగారు:

అందరికీ నమస్తే. చట్టం తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి. పన్నెండు రోజులుగా మా ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు.

మాది కామారెడ్డి వైపు ఒక పల్లె. ఊరి పేరు రాయను. నేను హైదరాబాద్‌లో ఒక బైక్ షోరూంలో పనిచేస్తాను. ఊళ్లో బాపు రెండున్నర ఎకరాల్లో మక్క వేశాడు. కంకి పాలు పోసుకునే టైంకి అడవి పందులు దిగాయి. ఒక్క రాత్రిలో పావు ఎకరం పండబెట్టేశాయి. అవి తినేది తక్కువ, తొక్కేది ఎక్కువ. బాపు చుట్టూ పాత చీరలు కట్టాడు, డబ్బా కొట్టాడు, మంగలి షాపు నుంచి వెంట్రుకలు తెచ్చి చల్లాడు, వారం రోజులు మంచె మీద పడుకున్నాడు. చివరికి మా దగ్గర చాలామంది చేసేదే చేశాడు. కర్రలు పాతి మోకాలెత్తున బైండింగ్ వైరు లాగి, మోటారు స్టార్టర్ డబ్బా నుంచి ఒక ఫేజు కలిపాడు. రాత్రి తొమ్మిదింటికి వేసేవాడు, తెల్లారి ఐదింటికి తీసేసేవాడు.

పక్క చేను ఆయన తన బోరు దగ్గరికి పోవాలంటే మా గట్టు మీదుగానే దారి. ఆ రోజు నాలుగున్నరకే మోటారు వేయడానికి వచ్చాడు. మంచు బాగా పట్టింది. ఐదింటికి కరెంటు తీయడానికి వెళ్లిన బాపే ఆయన్ని మొదట చూసింది. 108కి ఫోన్ చేసింది కూడా బాపే. వాళ్లు వచ్చి చూసి, అయిపోయిందన్నారు. ముప్పై ఎనిమిదేళ్లు. ఇద్దరు ఆడపిల్లలు. నేను ఆయన్ని అన్నా అని పిలిచేవాణ్ణి.

పోలీసులు మొదట అనుమానాస్పద మృతి అని రాశారు. తర్వాత బీఎన్ఎస్ (కొత్త శిక్షాచట్టం, భారతీయ న్యాయ సంహిత) 106(1), అంటే అజాగ్రత్త వల్ల మరణం అని పెట్టారు. ఇద్దరు జమానతుదార్లను తీసుకుని బాపుని స్టేషన్ నుంచే పంపించారు. ఇప్పుడు వాళ్ల బంధువులు ఇది హత్యేనని పైఆఫీసరు దగ్గరికి వెళ్లారట. రెండేళ్ల కింద గట్టు విషయంలో మాకూ వాళ్లకూ మాటామాటా వచ్చింది నిజమే. దాన్ని పట్టుకుని, కావాలనే చంపాడంటున్నారు. మా బాపు కోడిని కోయాలన్నా పక్కకు తిరుగుతాడు.

నాకు తెలియాల్సింది: చంపాలని లేకపోయినా హత్య అవుతుందా? సెక్షన్ మారితే అరెస్టు చేస్తారా? పెద్దమనుషులు ఆరు లక్షలు ఇస్తే ఖతం అంటున్నారు, నిజంగా ఖతం అవుతుందా? ఇంకొకటి. ఆ వైరు కొనడానికి 1,350 రూపాయలు ఫోన్‌పే చేసింది నేనే. దడి కట్టుకోవడానికి అన్నాడు, పంపాను. నా మీద కూడా వస్తుందా?

గట్టురాయి:

మీ పొలం, మీ తీగ. రాత్రిపూట ఇంకొకడి చేల్లోకి రావడం ఆయన తప్పు. ఆత్మరక్షణ, ఆస్తిరక్షణ కింద వదిలేస్తారు. రైతు పంట కాపాడుకోవడం కూడా నేరమేనా ఈ దేశంలో? టెన్షన్ పడకు బ్రో.

రిటైర్డ్ హెచ్‌సీ:

గట్టురాయి గారూ, ఇలాంటి సలహాలు వినే కొంతమంది మా స్టేషన్ బెంచీ మీదకొచ్చి కూర్చునేవాళ్లు.

మక్కచేను బాబూ, ముప్పై నాలుగేళ్లు చేసి హెడ్ కానిస్టేబుల్‌గా దిగాను. ఎక్కువ భాగం రైటర్‌గానే, స్టేషన్ కాగితాలు రాసే పని. చట్టం లోతు లాయర్లు చెబుతారు, స్టేషన్‌లో ఏం జరుగుతుందో నేను చెబుతాను.

జనం రెండు మాటల్ని కలిపేస్తారు. కాగ్నిజబుల్, నాన్‌ బెయిలబుల్. రెండూ ఒకటి కాదు. కాగ్నిజబుల్ అంటే మేజిస్ట్రేటు గారిని అడగకుండా మేమే ఎఫ్‌ఐఆర్ కట్టి దర్యాప్తు మొదలుపెట్టగలిగేది, వారంటు లేకుండా పట్టుకోగలిగేది. బెయిలబుల్ అంటే బెయిల్ అడిగితే ఇచ్చి తీరాల్సినది, అది మీ హక్కు. మీ నాన్నగారి మీద పెట్టిన 106(1) కాగ్నిజబులే, కానీ బెయిలబుల్. అందుకే కేసు కట్టారు, సాయంత్రానికి పంపించారు. దాన్ని చూసి అవతలివాళ్లు డబ్బు తిని వదిలేశారనుకుంటారు. ఆ మాట నేను సర్వీసులో ఎన్నిసార్లు పడ్డానో. కొట్లాటలో ఒకడికి చెయ్యి విరిగిందనుకోండి, అది తీవ్ర గాయం, ఏడేళ్ల దాకా శిక్ష, అయినా బెయిలబులే. చట్టంలో అలా రాసి ఉంటే మేమేం చేస్తాం?

దీనికి తిరకాసు ఇంకోటి ఉంది. చెంపమీద కొట్టాడని వస్తారు. మామూలు దెబ్బ, 115(2), నాన్‌ కాగ్నిజబుల్. డైరీలో రాసుకుని మేజిస్ట్రేటు దగ్గరికి పొమ్మనాలి, కోర్టు చెబితే తప్ప మేం దర్యాప్తు చేయకూడదు. అవతలివాడికి తెలియదు, నెత్తురు కారుతున్న పెదవితో నిలబడి మమ్మల్ని తిడతాడు. నిజం చెప్పాలంటే ఇద్దరినీ కూర్చోబెట్టి నాలుగు చీవాట్లు పెట్టి పంపేవాళ్లమే ఎక్కువ.

మీ విషయానికి వస్తే, మొదట అనుమానాస్పద మృతి అని రాయడం మామూలే. దర్యాప్తు, విచారణ పద్ధతి చెప్పే చట్టం బీఎన్ఎస్ఎస్‌లో 194, పాత సీఆర్‌పీసీలో 174. శవపంచనామా అయ్యి, ఎలా పోయాడో తేలాక అసలు సెక్షన్ పెడతారు. ఆ పెట్టింది కూడా రాతి మీద గీత కాదు. దర్యాప్తులో కొత్త సంగతి బయటపడితే ఐఓ (దర్యాప్తు అధికారి) సెక్షన్ మార్పు మెమో కోర్టులో వేస్తాడు. ఒక్క కాగితం. దాంతో బెయిలబుల్ కేసు నాన్‌ బెయిలబుల్ అయిపోతుంది.

పిలిచినప్పుడు వెళ్లండి, ఊరు వదిలి తిరగనివ్వకండి. మిగతాది లాయరు గారు చెబుతారు.

కోర్టుమెట్లు:

నరసరావుపేట వైపు ఇరవై రెండేళ్లుగా క్రిమినల్ ప్రాక్టీసు నాది. తమ్ముడూ, కాస్త పెద్దగానే రాస్తాను, ఓపికగా చదువు.

ముందు గట్టురాయి గారి మాట పక్కన పెడదాం, ఎందుకంటే ఊళ్లో నీకు ఇంకో పదిమంది అదే చెబుతారు. 1963లోనే సుప్రీంకోర్టు దీన్ని తేల్చేసింది. చెరుబిన్ గ్రెగరీ కేసు, బీహార్‌ది. పక్కింటివాళ్ల మరుగుదొడ్డి గోడ కూలిపోతే వాళ్లు ఈయన దొడ్డికి రావడం మొదలుపెట్టారు. వద్దన్నాడు, వినలేదు. దారికి అడ్డంగా రాగి తీగ కట్టి ఇంట్లోంచి కరెంటు ఇచ్చాడు. తీగలో కరెంటు ఉందని ఎక్కడా రాసి పెట్టలేదు. ఒకావిడ చెయ్యి తగిలి ప్రాణం పోయింది. నా జాగాలోకి చొరబడితే నా రక్షణ నేను చేసుకున్నానన్నాడు. కోర్టు ఒప్పుకోలేదు. చెప్పకుండా నీ జాగాలోకి వచ్చినంత మాత్రాన వాడి ప్రాణానికి పూచీ లేకుండా పోదు అన్నది ఆ తీర్పు సారం. అజాగ్రత్త వల్ల మరణం, అప్పటి శిక్షాస్మృతి ఐపీసీలో 304ఏ, శిక్ష ఖాయమైంది. నీ కేసులో పోయినాయన చొరబడినవాడు కూడా కాదు. అది ఆయన రోజూ నడిచే దారి.

ఇక నీ మొదటి ప్రశ్న. నేరానికి రెండు కావాలి: చేసిన పని, అది చేస్తున్నప్పుడు మనసులో ఉన్నది. పక్కవాణ్ణి చంపాలని రాత్రంతా అనుకుని తెల్లారి మర్చిపోయినవాడు నేరస్తుడు కాడు. పని ఉండీ మనసు లేకపోతే కూడా చాలా నేరాలు నిలబడవు. ప్రాణం పోయిన కేసుల్లో ఆ మనసుకే మెట్లు ఉంటాయి. మేం కోర్టులో రోజుల తరబడి కొట్లాడేది ఆ మెట్ల మీదే.

మామిడికాయ కోసం రాయి విసిరావనుకో. సొంత తోట, మిట్టమధ్యాహ్నం, ఎవరూ లేరని చుట్టూ చూసుకునే విసిరావు. చెట్టు వెనక ఎవడో పడుకుని ఉన్నాడు, తగిలి పోయాడు. అది ప్రమాదం. సెక్షన్ 18, నేరమే కాదు. అదే రాయి బడి వదిలే టైంలో రోడ్డు పక్క చెట్టు మీదకి విసిరావు. పిల్లలు వస్తారని ఆలోచించాల్సింది, ఆలోచించలేదు. అది అజాగ్రత్త, 106. కిక్కిరిసిన బస్సు కిటికీల్లోకి పెద్ద బండరాయి విసిరావు. ఎవరి మీదా కోపం లేదు, కానీ ఎవరో ఒకరు పోవచ్చని నీకు తెలుసు. తెలిసీ విసిరావు. అది 105, హత్య కిందికి రాని నరహత్య. ఒకడి నెత్తికి గురిచూసి వేశావు. అది 103 దాకా పోతుంది. రాయి ఒకటే, చెయ్యి ఒకటే, శవం కూడా ఒకటే.

మా పల్నాడు కేసు ఒకటి దేశమంతా లా కాలేజీల్లో చెబుతారు. రాయవరపు పున్నయ్య కేసు. 1968లో రొంపిచర్ల పార్టీ కక్షల్లో ఒక పెద్దాయన్ని బస్సు దిగినచోట పట్టుకుని బరువైన కర్రలతో కాళ్లూ చేతులూ విరగ్గొట్టారు. పంతొమ్మిది గాయాలు. తల మీద, గుండె మీద ఒక్క దెబ్బ లేదు. మర్నాడు తెల్లవారుజామున పోయాడు. చంపే ఉద్దేశం ఉంటే తల మీద కొట్టేవాళ్లు కదా అని హైకోర్టు దాన్ని హత్య నుంచి కిందికి దించింది. 1976లో సుప్రీంకోర్టు మళ్లీ హత్యే అంది. అన్ని ఎముకలు విరగ్గొట్టాలనుకునే కొట్టారు, అలాంటి గాయాలు మామూలుగా ప్రాణం తీసేవే, అది చాలు అంది. కాబట్టి 'చంపాలని లేదు' అని ఊరికే అంటే సరిపోదు. ఏం చేయాలనుకున్నాడో, ఏం జరుగుతుందని తెలుసో రెండూ చూస్తారు.

మీ బాపు చంపాలనుకుంది పందిని. చట్టంలోనే దీనికి దగ్గరగా ఒక ఉదాహరణ ఉంది, సెక్షన్ 100 కింద. కోడిని దొంగిలిద్దామని దానిమీద కాల్చాడు, పొద వెనక మనిషి ఉన్నాడు, వీడికి తెలియదు, వాడు పోయాడు. కోడిదొంగే అయినా నరహత్య కాదు. మనిషి ఉన్నాడని తెలియకపోవడమే అక్కడ ప్రాణం. పంది మీద ఉద్దేశం మనిషి మీదకి బదిలీ కాదు.

గట్టు తగాదా గురించి. అది కారణం, ఉద్దేశం కాదు. పగ ఉన్నంత మాత్రాన తీగ ఆయన కోసమే కట్టినట్టు కాదు. కానీ ఆయన రాకపోకల టైం తెలిసి, ఆ దారి మీదే తీగ లాగారని చెబితే కారణానికి బరువొస్తుంది. చేను చుట్టూ నాలుగు వైపులా కట్టారా, ఆ గట్టు వైపే కట్టారా అన్నది అందుకే ముఖ్యం. సీన్ మహజరులో (ఘటనాస్థలం పంచనామా), రఫ్ స్కెచ్‌లో ఆ తీగ ఎలా గీశారో మీ లాయర్ని చూడమను.

సెక్షన్‌ని బట్టే మిగతా బతుకంతా మారుతుంది. 106(1) అయితే ఐదేళ్ల దాకా, బెయిలబుల్, ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేటు కోర్టులోనే సీసీ (క్యాలెండర్ కేసు) నంబరు పడి అక్కడే విచారణ జరుగుతుంది. 2024 జులై 1కి ముందు జరిగిన వాటికైతే పాత 304ఏ, రెండేళ్లే. 105 అయితే నాన్‌ బెయిలబుల్. మొదట మేజిస్ట్రేటు దగ్గర పీఆర్‌సీ (సెషన్స్‌కి పంపే ముందు వేసే) నంబరు పడి సెషన్స్ కోర్టుకి పోతుంది, తెలిసీ చేసిన పని అని తేలితే పదేళ్ల దాకా, ఉద్దేశం ఉందని తేలితే యావజ్జీవం దాకా. రిమాండుకి పంపొచ్చు. చార్జిషీటు వేయడానికి వాళ్లకి తొంభై రోజులు. సెక్షన్ మారుతుందని గట్టిగా అనుమానం ఉంటే సెషన్స్‌లో ముందస్తు బెయిల్, బీఎన్ఎస్ఎస్ 482, ఇప్పుడే అడగాలి, పోలీసులు గుమ్మంలోకి వచ్చాక కాదు.

రాజీ. 106 రాజీ పడదగ్గ నేరాల జాబితాలో లేదు. బీఎన్ఎస్ఎస్ 359 చూడు, అందులో చెయ్యి విరగ్గొట్టింది ఉంది, దొంగతనం ఉంది, ఇది లేదు. ఆరు లక్షలిచ్చి బాండు రాయించుకున్నా కేసు నడుస్తుంది. ఇది వాళ్లకీ మీకూ మధ్య తగాదా కాదు, ప్రభుత్వం మీ బాపు మీద వేసిన కేసు. హైకోర్టులో బీఎన్ఎస్ఎస్ 528 కింద కొట్టేయమని అడగొచ్చు గానీ ప్రాణం పోయిన కేసుల్లో తేలిగ్గా ఒప్పుకోరు. డబ్బు ఇవ్వొద్దని నేను అనడం లేదు. అది శిక్ష తగ్గింపులో పనికొస్తుంది, ఆ పిల్లలకీ పనికొస్తుంది. ఖతం అనే మాట మాత్రం అబద్ధం.

నీ 1,350. నేరానికి సాయం చేస్తున్నానని తెలిసి చేస్తేనే అది ప్రేరేపణ. దడికి అనుకుని తండ్రికి డబ్బు పంపితే నీకు ఆ మనసు లేదు. ఆ ఫోన్‌పే రికార్డు గానీ, వాట్సాప్ మాటలు గానీ చెరిపేయకు. అవి నీ పక్షాన ఉన్నవే.

పక్కన రెండు చిన్న కేసులు రావచ్చు. నీళ్లకిచ్చిన కనెక్షన్‌ని కంచెకు వాడినందుకు విద్యుత్ చట్టం 135. అడవి పందికి ఉచ్చు పెట్టినందుకు అటవీశాఖ వాళ్లది ఇంకోటి.

నేను అడగాల్సింది ఒకటే. ఆ తీగకి ఇంతకుముందు ఏదైనా పడిందా? ఎవరైనా వద్దన్నారా? నీకు తెలిస్తే ఇక్కడ రాయకు, మీ లాయరుకి చెప్పు.

చెరువుకట్ట:

నేను అవతలి వైపు నుంచి రాస్తున్నాను. మాది ప్రకాశం జిల్లా. 2021లో మా అన్న ఇలాగే పోయాడు, కందిచేను తీగకి. నేను వెళ్లేసరికి ఒక చెప్పు కాలికే ఉంది, రెండోది తీగ అవతల పడి ఉంది. ఆ రెండోదాన్ని పంచనామాలో రాశారు, తర్వాత నాలుగేళ్లు కోర్టులో దాని గురించే అడిగారు. దారి ఇవతల పడిందా, అవతల పడిందా అని.

మా ఊళ్లోనూ పెద్దమనుషులు కూర్చున్నారు. నాలుగు లక్షలు. బాండు పేపరు మీద ఇక మాకు ఏ అభ్యంతరం లేదు అని వదినతో సంతకం పెట్టించారు. ఆవిడకి చదవడం రాదు. అయిపోయిందనుకున్నాం. ఏడాదిన్నర తర్వాత నాకు సాక్షిగా సమన్లు వచ్చాయి. అప్పుడు తెలిసింది కేసు ఎక్కడికీ పోలేదని. అవతలివాళ్లు వచ్చి డబ్బు తీసుకున్నావు కదా, చూడలేదని చెప్పు అన్నారు. మా వాళ్లలో ఇద్దరు చెప్పేశారు కూడా. నేను చూసింది చూసినట్టు చెప్పాను. ఆ రైతుకి ఏడాది పడింది, పైకోర్టుకి వెళ్లాడు, బెయిల్ మీద ఊళ్లోనే ఉన్నాడు. అతను హంతకుడని నేను ఏ రోజూ అనుకోలేదు. కానీ మా ఇంటికి రావడానికి అతనికి ఏడు నెలలు పట్టింది. వచ్చింది కూడా పెద్దమనుషుల్ని వెంటేసుకుని.

మక్కచేను, మీ బాపుని తప్పుపట్టడానికి కాదు ఇది రాయడం. వాళ్ల బంధువులు హత్య అంటున్నారంటే, అజాగ్రత్త అనే మాట వాళ్లకి చాలా చిన్నదిగా వినిపిస్తోంది. పోలీసు కాగితంలో 'నిర్లక్ష్యం వల్ల' అని రాసింది చదివినప్పుడు మాకూ అలాగే అనిపించింది. గ్లాసు చేయి జారి పగిలినట్టు.

గట్టురాయి:

నా మాట వెనక్కి తీసుకుంటున్నా. మా పొలంలోనూ ఒక వైపు తీగ ఉంది.

రిటైర్డ్ హెచ్‌సీ:

ఇవాళే పీకేయండి సార్. పీకేటప్పుడు ముందు స్టార్టర్‌కి వచ్చే కరెంటే ఆపేయండి.

మక్కచేను:

కోర్టుమెట్లు సార్, రాయకు అన్నారు. కానీ రాయకపోతే నాకు ఊపిరాడడం లేదు.

నిన్న రాత్రి బాపుతో ఫోన్‌లో గంటసేపు మాట్లాడాను. ఇన్ని రోజులూ నాకు చెప్పలేదు. అంతకు ఎనిమిది రోజుల ముందు ఎవరిదో దూడ ఒకటి ఆ తీగకే పడింది. చుట్టుపక్కల అందరికీ తెలుసు. పక్క చేను అన్న వచ్చి, పెద్దనాయనా తీసెయ్, పొద్దున నేను ఇటే వస్తా అన్నాడట. బాపు ఐదు దాటాక రా, ఐదింటికి తీసేస్తా అన్నాడట. ఆ రోజు వాళ్ల వరినారు ఎండిపోతోందని అన్న ముందే వచ్చాడు.

ఇంకోటి కూడా ఉంది. 108 వచ్చేలోపు మా చిన్నాయన

కోర్టుమెట్లు:

ఆగు. ఆ రెండో పేరాని ఇప్పుడే తీసెయ్. మొదటిదాన్ని కూడా. మీ లాయరుతో మాట్లాడింది బయటికి రాదు, ఇక్కడ రాసింది ఎవరైనా చదువుతారు.

తీసేశావు, మంచిది. ఇప్పుడు సాధారణంగా చెబుతాను, నీ కేసు గురించి కాదు.

తీగ కట్టినవాడికి అది ప్రాణం తీస్తుందని ముందే కళ్లముందు కనిపించి, ఆ దారిన మనిషి వస్తాడని ఎవరో నోటితో చెప్పి ఉంటే, పీపీ (ప్రభుత్వం తరఫు లాయరు) లేచి ఇక ఇది ఆలోచించకపోవడం కాదు, తెలిసీ ఆపకపోవడం అంటాడు. నేను ఇందాక చెప్పిన రాయి కథలో బడి దగ్గరి చెట్టు నుంచి బస్సు కిటికీకి జరిగినట్టు. 106కీ 105కీ మధ్య గోడ అక్కడే ఉంటుంది. అది చాలా పలచని గోడ. ఇవతలి లాయరు ఏమంటాడంటే, టైం చెప్పాడు, ఆ టైం దాటాక రమ్మన్నాడు, ప్రతిరోజూ ఆ టైంకే తీశాడు, కాబట్టి మనిషి పోతాడని అతను అనుకోలేదు, తను తీసుకున్న జాగ్రత్త చాలుననుకున్నాడు, అది తప్పుడు నమ్మకమే గానీ తెలిసి చేయడం కాదు అంటాడు. బీహార్ కేసులో కూడా రావద్దని నోటితో హెచ్చరికలున్నాయి. అక్కడ సెషన్స్ జడ్జి నరహత్య కొట్టేసి 304ఏ కిందే శిక్ష వేశాడు. ఏ వైపు మొగ్గుతుందో సాక్షులు పెట్టెలో ఏం చెబుతారన్న దాన్ని బట్టి ఉంటుంది.

నేను ఇరవై రెండేళ్లలో ఇలాంటివి నాలుగు చూశాను. ముద్దాయిని ముంచింది ఎప్పుడూ తీగ కాదు. తీగ పడిన తర్వాత ఇంట్లోవాళ్లు చేసిన పని. వైరు చుట్టి ఎక్కడో పడేయడం, శవాన్ని గట్టు అవతలికి జరపడం, సాక్షి ఇంటికి సారా సీసా పంపడం. ఆనవాళ్లు మాయం చేయడం విడిగా ఇంకో నేరం, 238. అసలు నేరానికి శిక్ష ఎంత పెద్దదైతే దీనికీ అంత పెరుగుతుంది. పైగా నోరు తెరవకుండానే, తప్పు చేశానని వాడికి తెలుసు అని కోర్టుకి చెప్పినట్టవుతుంది. అజాగ్రత్త అని వాదించే నా నోరు అక్కడే మూతపడుతుంది. ఎవరైనా అలాంటిది చేసి ఉంటే దాన్ని సరిదిద్దుతానని మళ్లీ వెళ్లి తవ్వడం, తీయడం, పెట్టడం వద్దు. చేసినవాడు తనకంటూ వేరే లాయర్ని పెట్టుకోవాలి. తండ్రికీ అతనికీ ఒకే వకాల్తా కుదరదు, ఇద్దరి మేలు ఒకటి కాదు కాబట్టి.

చెరువుకట్ట గారు రాసింది మీ బాపుకి చదివి వినిపించు. వాళ్లింటికి వెళ్లొచ్చు, కేసు గురించి మాట్లాడకూడదు. సాక్షుల్లో ఎవరున్నా సరే, ఆ రోజు ఏం చూశావు అన్న మాట ఎత్తొద్దు. పిల్లల బడి ఫీజు కట్టాలనుకుంటే కట్టండి, రసీదు దాచుకోండి, బాండు పేపరు మాత్రం రాయించుకోకండి.

కామారెడ్డిలో లాయరు దొరక్కపోతే కోర్టు ఆవరణలోనే న్యాయసేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది, అడుగు. సెక్షన్ మారేలోపు ముందస్తు బెయిల్ పిటిషన్ వేసే పని ముందు.

మక్కచేను:

థాంక్స్ సార్. హెచ్‌సీ గారికి, చెరువుకట్ట అన్నకి కూడా. రేపు పొద్దున మొదటి బస్సుకి వెళ్తున్నాను. షోరూంలో నాలుగు రోజులు సెలవు అడిగాను.

బాపుకి చదివి వినిపించాను. చెప్పు సంగతి వచ్చినప్పుడు ఫోన్ పక్కన పెట్టేశాడు. కాసేపటికి అమ్మ తీసుకుని మాట్లాడింది. చేనుకి ఎవరూ పోవడం లేదట. నిన్న రాత్రి పందులు మళ్లీ వచ్చాయట, మిగిలిన మక్క కూడా పండబెట్టాయట.

చెరువుకట్ట:

వాళ్లింటికి వెళ్లేటప్పుడు పెద్దమనుషుల్ని తీసుకెళ్లకండి. మీరిద్దరే వెళ్లండి.